ఆకాశవీథిలో ఏటేటి పోటీ

పోటీ అనగానే నేటి విద్యార్థికి మొదట స్ఫురించేది ర్యాంకు. పరీక్ష ఒకసారి జరుగుతుంది. జాబితా వెలువడుతుంది. అందులో పేరున్నవాడు విజేత, లేనివాడు పరాజితుడు. అక్కడితో ఆ కథ ముగుస్తుంది. దానికోసం రేయింబవళ్లు చదివిన చదువును మరుసటి నెలలోనే మరచిపోయేవారు ఎందరో ఉన్నారు. ఐతే లోకంలో మరొక తరహా పోటీ కూడ ఉన్నది. అందులో పాల్గొనేవారిలో చాలామందికి తాము ప్రథమస్థానం పొందబోమని ముందుగానే తెలుసు. గెలిచినవారికి దక్కేది ఒక ప్రశంసాపత్రం, మహా అయితే ఒక ఫలకం. ధనం లేదు, ఉద్యోగం లేదు. అయినప్పటికీ ఏడాది తిరిగేసరికి వారందరూ అదే వారాంతాన, అదే గంటకు తమ యంత్రాల ముందు సిద్ధంగా కూర్చుంటారు. ఇట్లు ముప్పై నలభై ఏళ్లు గడిపినవారు సైతం ఉన్నారు. అదే అమెచ్యూర్ రేడియో పోటీ. ఈ పట్టుదలకు అర్థమున్నదా, లేక ఇది తీరికగలవారి కాలక్షేపమా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న. ముఖ్యంగా తుపానుల నీడలో బ్రతికే సముద్రతీరవాసులు తప్పక ఆలోచింపవలసిన ప్రశ్న.

అమెచ్యూర్ రేడియో అంటే లాభాపేక్ష లేకుండ, స్వీయశిక్షణ కోసం, శాస్త్రజిజ్ఞాస కోసం వ్యక్తులు నడుపుకొనే నిస్తంత్రీ వార్తావిధానం. దీనిని చేపట్టినవారిని లోకమంతట 'హామ్‌లు' అని పిలుస్తారు. ఆకాశవాణి ప్రసారాన్ని శ్రోత వినగలడేగాని బదులు చెప్పలేడు. హామ్ వినగలడు, బదులు కూడ చెప్పగలడు. అతని గదిలోనే ప్రసారయంత్రం, గ్రాహకయంత్రం రెండూ ఉంటాయి. ఇంటిమీదనో పెరటిలోనో ఒక యాంటెనా ఉంటుంది. ప్రభుత్వం పరీక్ష పెట్టి, అనుమతిపత్రం ఇచ్చి, ప్రతి ఒక్కరికి ఒక 'కాల్‌సైన్' కేటాయిస్తుంది. భారతీయుల కాల్‌సైన్లు సాధారణంగా 'వి.యు.' అను అక్షరాలతో మొదలవుతాయి. మాతృదేశమేదో, వ్యక్తి ఎవరో ఆ నాలుగైదు అక్షరాలే లోకానికి చాటుతాయి. మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడు కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తా. ఆయనకు 1921 లో అనుమతి లభించినది. తెలుగునాట ఈ విద్య వ్యాపించడానికి 1983 లో హైదరాబాదులో వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎంతగానో తోడ్పడినది. ప్రధానమంత్రి పదవిని నిర్వహించిన రాజీవ్ గాంధీ కూడ ఒక హామ్ కావడం గమనార్హం.

ఈ హామ్‌ల పోటీలలో మిక్కిలి పెద్దది 'సి.క్యూ. వరల్డ్ వైడ్' పోటీ. సి.క్యూ. అను అమెరికన్ పత్రిక పేరిట 1948 లో ఇది మొదలైనది. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో మాటలద్వారా సంభాషించే పోటీ, నవంబరు చివరి పూర్తి వారాంతంలో మోర్స్ సంకేతాలతో సంభాషించే పోటీ జరుగుతాయి. అంతర్జాతీయ కాలమానం ప్రకారం శనివారం ప్రారంభమైన క్షణంలోనే పోటీ మొదలవుతుంది. అప్పుడు భారతదేశంలో శనివారం ఉదయం 5.30 గంటలు. మళ్లీ సోమవారం ఉదయం 5.30 వరకు, 48 గంటలపాటు అది సాగుతుంది. నిర్వాహకుల లెక్క ప్రకారం లోకమంతటా 35,000 మందికి పైగా ఇందులో గొంతు కలుపుతారు.

నియమాలు సులభంగానే ఉంటాయి. పోటీదారు వీలైనన్ని దేశాలలోని హామ్‌లతో మాట్లాడాలి. ఆ మాటలు కూడ నాలుగే: ఎదుటివాని కాల్‌సైన్, తన కాల్‌సైన్, వినబడిన తీరును తెలిపే అంకె, తానున్న మండలపు సంఖ్య. ఈ పోటీకోసం ప్రపంచాన్ని 40 మండలాలుగా విభజించారు. భారత ప్రధానభూభాగం 22 వ మండలంలో ఉన్నది. అండమాన్ దీవులు 26 వ మండలానికి చెందుతాయి. వేరొక ఖండంలోని వానితో మాట్లాడితే 3 పాయింట్లు, మన ఆసియాలోనే మరొక దేశస్థునితో మాట్లాడితే 1 పాయింటు. స్వదేశీయునితో మాట్లాడితే పాయింట్లు లేవు. మొత్తం పాయింట్లను పలకరించిన దేశాల సంఖ్య, మండలాల సంఖ్య కలిపిన మొత్తంతో హెచ్చిస్తారు. 600 పాయింట్లు సంపాదించి, దేశాలు మండలాలు కలిపి 100 లెక్కకు తెచ్చినవానికి వచ్చే ఫలితం 60,000. ప్రపంచవిజేతల ఫలితమో, కోటి పైబడినది కూడ ఉంటుంది.

ఈ రెండు సంఖ్యల నడుమనున్న దూరమే అసలు ప్రశ్న. ఎత్తయిన స్తంభాలు, వాటిపై తిరిగే పెద్ద యాంటెనాలు, అధికశక్తిగల యంత్రాలు ఉన్నవారితో ఒక సామాన్యుడు ఏ ధైర్యంతో తలపడతాడు? ఉదాహరణకు చిల్లకూరును తీసుకొందాం. గూడూరుకు చేరువలో, చెన్నైనుండి కోల్‌కతాకు పోయే జాతీయరహదారిమీద ఉన్న ఊరు ఇది. ఈ మండలం తూర్పున బంగాళాఖాతాన్ని తాకుతుంది. సిలికా ఇసుక నేలలు, రొయ్యల చెరువులు, తీరాన పల్లెకారుల కుప్పాలు ఇక్కడి దృశ్యాలు. ఇట్టి చోట రెండు కొబ్బరిచెట్ల నడుమ ఒక తీగ కట్టి, చిన్న యంత్రంతో కూర్చున్నవానికి ప్రపంచ ప్రథమస్థానం దక్కదు. మొదటి ఏడు దక్కదు, పదవ ఏడూ దక్కదు. అందువల్ల అతని శ్రమ వృథా అని తేల్చడం సులభం. కాని ర్యాంకుల జాబితా ఒక్కదానినే ప్రమాణంగా పెట్టుకొన్నప్పుడే ఆ తీర్పు చెల్లుతుంది. ఏటేటా పాల్గొనడం వల్ల మనిషిలో కలిగే మార్పును ప్రమాణంగా తీసుకొంటే తీర్పు వేరుగా ఉంటుంది.

మొట్టమొదటి లాభం ప్రకృతిని చదవడం. దూరదేశాలకు పోయే రేడియో తరంగాలు నేలవెంబడి పోవు. భూమికి సుమారు వంద కిలోమీటర్ల ఎత్తునుండి కొన్ని వందల కిలోమీటర్ల వరకు వ్యాపించిన అయనావరణంలో వంగి మళ్లీ నేలకు దిగుతాయి. ఆ అయనావరణాన్ని తయారుచేసేవాడు సూర్యుడు. పగలు 14, 21, 28 మెగాహెర్ట్జ్ వంటి హెచ్చు పౌనఃపున్యాలు బాగా పనిచేస్తాయి. రాత్రి 7, 3.5 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలను ఆశ్రయించాలి. ఉదయసంధ్యలో, సాయంసంధ్యలో కొద్ది నిమిషాలపాటు అనుకోని దూరాలకు ద్వారాలు తెరుచుకొంటాయి. సూర్యునిపై కనిపించే మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతుంటుంది. 2014 లో అది ఒక శిఖరానికి చేరినది. 2019 డిసెంబరు నాటికి అడుగంటినది. 2024 లో మళ్లీ శిఖరాన్ని అందుకొన్నది. శిఖరకాలంలో 28 మెగాహెర్ట్జ్‌పై కొద్ది వాట్ల శక్తి కూడ ఖండాలు దాటుతుంది. అదే చోట, అదే యంత్రంతో, అదే యాంటెనాతో 2019 లో కూర్చున్నవానికి అక్కడ వినిపించినది చాలవరకు నిశ్శబ్దమే.

ఒక్క ఏడు పాల్గొని మానుకొన్నవానికి ఈ భేదం తెలియదు. శిఖరకాలంలో వచ్చినవాడు తన ప్రతిభకు మురిసిపోతాడు. నిమ్నకాలంలో వచ్చినవాడు తన దురదృష్టానికి వగచి యంత్రాన్ని అటకెక్కిస్తాడు. ఇద్దరూ పొరపడినవారే. పదకొండేళ్లు విడువక వినినవానికి మాత్రమే సూర్యుని పూర్తి ఆవృత్తి ఒకటి అనుభవానికి వస్తుంది. రైతు ఒక్క వాననుబట్టి కార్తెల తీరు చెప్పడు. పల్లెకారుడు ఒక్క వేటనుబట్టి సముద్రాన్ని నిర్ణయింపడు. ఏటేటి పోటీలో పాల్గొనే హామ్ కూడ అట్టివాడే. చిల్లకూరు తీరంలో కూర్చున్నవానికి మరొక పాఠం కూడ లభిస్తుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. అందువల్ల సముద్రపుటొడ్డున నిలువుగా నిలిపిన యాంటెనానుండి తరంగాలు క్షితిజానికి చేరువగా, తక్కువ కోణంలో బయలుదేరి చాల దూరం పోగలవు. ఎత్తయిన స్తంభం కొనలేనివానికి సముద్రమే కొంత సహాయం చేస్తుందన్నమాట. ఈ విషయం పుస్తకంలో ఒక వాక్యం. పోటీలో అది చెవికి వినబడే సత్యం.

రెండవ లాభం చెవికి కలిగే శిక్షణ. పోటీ జరిగే సమయంలో ఒకే పౌనఃపున్యం చుట్టూ పదుల గొంతులు ఒక్కసారిగా పలుకుతుంటాయి. ఉరుముల చిటపటలు, యంత్రాల రొద, తరంగాల ఎగుడుదిగుడులు వాటికి తోడు. వాటి నడుమనుండి ఒక్క గొంతును ఏరి పట్టుకొని, దాని కాల్‌సైన్‌ను తప్పులేకుండ వ్రాసుకొని, రెండు క్షణాలలో బదులు చెప్పి మరొకరి వంకకు తిరగాలి. తెలుగువారికి ఇది పూర్తిగా క్రొత్త విద్య కాదు. అష్టావధాని చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషేధాక్షరి చెప్తారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో మనసు మరల్చజూస్తారు, మరొకరు గంటలు కొడుతుంటారు. అవధాని అన్నిటినీ వింటాడు, దేనిలోనూ చిక్కుకోడు. ఆ ధారణ ఒక్కనాటిలో వచ్చినది కాదు. ఎన్నో సభలలో కూర్చుని సాధించినది. రేడియో పోటీదారుని ఏకాగ్రత కూడ అట్టి సాధనఫలమే. కవిత్వం అవధానిదే ఐనా, వినికిడి విషయంలో ఇద్దరూ ఒకే బడి విద్యార్థులు.

వినికిడితో ముడిపడినది సత్యం. ఈ పోటీలో ఒక కఠినమైన నియమం ఉన్నది. పాల్గొన్నవారు తమ సంభాషణల పట్టికను పోటీ ముగిసిన 5 రోజులలోపు పంపాలి. నిర్వాహకులు ఇరువురి పట్టికలను కంప్యూటరుపై సరిపోల్చుతారు. ఎదుటివాని కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పుగా వ్రాసినా ఆ సంభాషణ లెక్కనుండి తొలగిపోతుంది. అంతటితో విడువరు. దానికి రెండింతల పాయింట్లను అదనంగా కోసివేస్తారు. అంటే సరిగా వినకుండ ఊహించి వ్రాసినవాడు వినకుండ ఊరకున్నవానికంటె ఎక్కువ నష్టపోతాడు. రామాయణంలో దశరథుని శబ్దవేధి విద్య ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. చీకటిలో సరయూతీరాన కుండ మునిగే చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని ఊహించి, ఆయన బాణం విడిచాడు. గురి తప్పలేదు. అర్థం తప్పినది. ఒక మునికుమారుని ప్రాణం పోయినది. వినడం వేరు, వినినది ఏమిటో నిశ్చయించుకొనడం వేరు. సందేహం కలిగితే సిగ్గుపడక మళ్లీ అడగాలి. 'మళ్లీ చెప్పండి' అను మాటకు రేడియోలో ఎవరూ నవ్వరు. తెలియకున్నా తెలిసినట్లు తలయూపే తరగతిగది అలవాటుకు ఇంతకంటె మంచి చికిత్స అరుదు.

మూడవ లాభం సంసిద్ధత. నెల్లూరు తీరానికి ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. పోటీ జరిగే మాసాలను మరొకసారి గుర్తుచేసుకోవాలి. అవి అక్టోబరు, నవంబరు. ఈ తీరంలో ఆ రెండు మాసాలూ ఈశాన్య ఋతుపవన కాలం, తుపానుల కాలం. 1977 నవంబరు 19 న దివిసీమను ఉప్పెన ముంచివేసినది. వేలాదిమంది మరణించారు. తీగలన్నీ తెగిపోవడంతో ఆ ఘోరం పూర్తి స్వరూపం బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలో, 1989 నవంబరులో కావలి సమీపంలో పెనుతుపానులు తీరం దాటినవి. 1999 అక్టోబరు 29, శుక్రవారంనాడు ఒడిశాను మహాతుపాను తాకినది. ఆ ఏడు సి.క్యూ. పోటీ మొదలైనది మరునాడే. ఇది కాకతాళీయమే కావచ్చును. కాని అందులోని సూచన గ్రహింపదగినది. పోటీకోసం ఏ వారాన హామ్ తన బ్యాటరీలను నింపుకొని, తీగలను సరిచూసుకొని, యంత్రాన్ని పరీక్షించుకొంటాడో ఆ వారమే తీరం మీదికి ఆపద వచ్చే కాలం. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు కాకుండ, ఏటేటా పండుగవలె బావి తవ్వించి ఉంచే ఏర్పాటు ఈ పోటీ.

ఈ మాట కేవలం ఊహ కాదనడానికి అండమాన్ ఉదంతమే సాక్ష్యం. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ నాయకత్వంలో, హైదరాబాదులోని జాతీయ సంస్థకు చెందిన హామ్‌ల బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో మకాం వేసినది. వారి ఉద్దేశం విపత్తులను ఎదుర్కొనడం కాదు. ఎన్నో ఏళ్లుగా రేడియోలో వినబడని అండమాన్ దీవులనుండి ప్రపంచపు హామ్‌లను పలకరించడం. అది కూడ పోటీకి తోబుట్టువు వంటి వినోదమే. అండమాన్‌తో ఒక్క పలకరింపు దొరికితే చాలునని దేశదేశాలవారు ఎగబడ్డారు. బృందం రోజులతరబడి వేలాదిమందికి బదులు చెప్పినది. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించినది. సునామీ విరుచుకుపడినది. దీవుల నడుమ టెలిఫోను సంబంధాలు తెగిపోయినవి. అప్పటివరకు వినోదానికి వాడిన ఆ యంత్రాలే, ఆ యాంటెనాలే, ఆ గొంతులే ఆ క్షణంనుండి ఆపన్నుల క్షేమసమాచారాలను మోయసాగినవి. బృందానికి క్రొత్తగా ఏ శిక్షణా అవసరం కాలేదు. రొద నడుమ వినడం, తప్పులేకుండ వ్రాయడం, నిద్రమాని కూర్చోవడం వారికి అంతకుముందే అలవాటు.

ఇంత చెప్పినా ఆక్షేపణలు లేకపోలేదు. మొదటి ఆక్షేపణ సెల్‌ఫోను. ప్రతి చేతిలో ఫోనున్న కాలంలో హామ్ రేడియో అవసరమా అని అడుగుతారు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు దీనికి సమాధానం దొరికినది. మహానగరంలోనే విద్యుత్తు నిలిచిపోయి, సెల్‌ఫోన్లు మూగపోయినవి. సెల్‌ఫోను ఒంటరిగా పనిచేసే యంత్రం కాదు. దానివెనుక టవరు, టవరుకు విద్యుత్తు, టవరును మిగిలిన లోకంతో కలిపే కేబుళ్లు ఉండాలి. వాటిలో ఏ ఒక్కటి తెగినా చేతిలోని ఫోను ఒట్టి దీపం. హామ్ యంత్రానికి కావలసినవి ఒక బ్యాటరీ, ఒక తీగ, ఒక తెలిసిన మనిషి. బ్యాటరీని, తీగను అంగడిలో కొనవచ్చును. ఆ తెలిసిన మనిషిని మాత్రం తుపాను రాత్రి కొనలేము. ఏళ్లతరబడి తయారుచేసుకోవాలి.

రెండవ ఆక్షేపణ ఖర్చు. ఇది నిజమే. మంచి యంత్రం ధర సామాన్య కుటుంబానికి భారం. ఐతే ఈ విద్య మొదలయ్యేది కొనడంతో కాదు, వినడంతో. ఒక గ్రాహకయంత్రం, ఒక తీగ ఉంటే విద్యార్థి పోటీ జరిగే రెండు రోజులూ వినవచ్చును, కాల్‌సైన్లు గుర్తించవచ్చును, ప్రపంచపటంపై గుర్తులు పెట్టవచ్చును. ప్రసారయంత్రం వ్యక్తికి భారమైనా కళాశాలకు భారం కాదు. ప్రయోగశాలలో ఉన్న అనేక పరికరాలవలె అదికూడ పదిమందికీ ఉమ్మడిగా ఉపయోగపడుతుంది.

మూడవ ఆక్షేపణ అన్నిటిలోకి బలమైనది. పోటీ అహంకారాన్ని పెంచుతుందేగాని సేవను నేర్పదనీ, నాలుగు మాటలు గబగబ అప్పగించే పోటీకీ ఆపదలో క్షేమవార్తలు మోసే పనికీ పోలిక లేదనీ కొందరు పెద్దలు అంటారు. ఇందులో సత్యాంశం ఉన్నది. సహాయవార్త సుదీర్ఘంగా ఉంటుంది. అందులో పేర్లు, ఊళ్లు, మందుల వివరాలు ఉంటాయి. దానిని వేగంగా కాక నింపాదిగా చదవాలి. ఒక కేంద్రం అదుపులో అందరూ తమ వంతుకోసం ఓపికతో వేచియుండాలి. పోటీ ఈ ఓపికను నేర్పదు. కావున పోటీ ఒక్కటే చాలునని వాదించడం అతిశయోక్తి. అమెరికా హామ్‌ల సంఘం 1933 లోనే 'ఫీల్డ్ డే' అను కార్యక్రమాన్ని నెలకొల్పినది. ఏటా జూన్ మాసంలో హామ్‌లు ఇండ్లు విడిచి, మైదానాలలో డేరాలు వేసి, జనరేటర్లు, బ్యాటరీలతో యంత్రాలు నడుపుతారు. ఇక్కడ కూడ పోటీకి తోడు ఇట్టి అభ్యాసం, వార్తాప్రేషణ పద్ధతుల బోధన జతపడాలి. వ్యాయామశాలకు పోయినవాడు వెంటనే సైనికుడు కాలేడు. కాని వ్యాయామమే ఎరుగనివానిని సైనికునిగా తీర్చడం మరింత కష్టం.

అహంకారం సంగతి కూడ విచారించాలి. ఈ పోటీలలో ప్రత్యర్థి లేకుండ పాయింటు లేదు. ఎదుటివాడు బదులు పలికితేనే ఇద్దరికీ లెక్క పెరుగుతుంది. అందుకే బలవంతుడు బలహీనుని గొంతుకోసం చెవులు రిక్కించి వింటాడు. పరుగుపందెంలో వెనుకబడినవానికోసం ముందున్నవాడు ఆగడు. ఇక్కడ ఆగితీరాలి. 10, 18, 24 మెగాహెర్ట్జ్ పట్టీలలో పోటీలు జరుపరాదన్నది హామ్‌ల ఆనవాయితీ. పోటీలలో ఆసక్తిలేనివారు ఆ రెండు రోజులు నెమ్మదిగా మాట్లాడుకొనేందుకు ఆ చోటు విడిచిపెట్టారు. గెలవాలన్న తపన ఎంత ఉన్నా ఇతరులకు కొంత చోటు మిగల్చాలన్న మర్యాద ఇందులో కనిపిస్తుంది.

ఏటేటి పోటీ అన్న మాటలోని ఆత్మీయతను తెలిపే మరొక నియమం జపాను హామ్‌ల సంఘం నిర్వహించే అఖిల ఆసియా పోటీలో ఉన్నది. అందులో మండలపు సంఖ్యకు బదులు తన వయస్సు చెప్పాలి. స్త్రీలకు వయస్సు బదులు రెండు సున్నలు చెప్పే సౌకర్యం కూడ ఉన్నది. గత ఏడు 46 అన్న గొంతు ఈ ఏడు 47 అంటుంది. ముఖం ఎన్నడూ చూడలేదు, ఇల్లెక్కడో తెలియదు. కాని ఆ మనిషికి ఒక ఏడు నిండినదని, ఇంకా క్షేమంగా ఉన్నాడని వేల మైళ్ల దూరంలోని మరొక మనిషి గ్రహిస్తాడు. ఏదో ఒక ఏడు ఆ గొంతు వినబడదు. మరణించిన హామ్‌ను 'సైలెంట్ కీ' అంటారు. మీట నిశ్శబ్దమైనదని అర్థం. నాలుగు మాటల పలకరింపు పొడిగా తోచవచ్చును. ఏటేటా సాగితే అదే ఒక బంధుత్వమవుతుంది.

చిల్లకూరువంటి చోటికి ఈ విద్య పరాయిది కాదు. దక్షిణాన ఉన్న శ్రీహరికోటనుండి 2005 మే 5 న పి.ఎస్.ఎల్.వి. - సి 6 రాకెట్టు కార్టోశాట్-1 తోపాటు 'హామ్‌శాట్' అను 42.5 కిలోల చిన్న ఉపగ్రహాన్ని మోసుకుపోయినది. హామ్‌ల సంభాషణలకోసమే భారతదేశం నిర్మించిన ఉపగ్రహమది. అందులోని ఒక పరికరాన్ని భారతీయులు, మరొకదానిని ఒక డచ్చి విద్యార్థి రూపొందించారు. 2014 వరకు అది లోకంలోని హామ్‌లందరికీ సేవచేసినది. ఆ రాకెట్టు ఎగిరిన తీరంలోని కళాశాలల్లో ఒక హామ్ క్లబ్బు వెలయాలని కోరుకోవడం అత్యాశ కాదు.

2009 లో సవరించిన నియమాలు 12 ఏళ్లు నిండిన భారతీయులకు అమెచ్యూర్ రేడియో పరీక్ష వ్రాసే అవకాశం కల్పించినవి. అందుకు కావలసిన విద్యుత్తు, తరంగాల పాఠాలు జూనియర్ కళాశాల భౌతికశాస్త్రానికి దూరమైనవి కావు. ఇంటర్మీడియట్ చదువు రెండేళ్లే కదా, ఏటేటి సాధన ఎట్లు సాధ్యమని కొందరు సందేహింపవచ్చును. విద్యార్థికి దక్కేవి రెండు పోటీలే. కాని క్లబ్బుకు రెండేళ్ల గడువు లేదు. మొదటి సంవత్సరం విద్యార్థి రెండవ సంవత్సరం విద్యార్థి ప్రక్కన కూర్చుని వింటాడు. మరుసటి ఏడు తాను మాట్లాడుతూ తన ప్రక్కన మరొకరిని కూర్చోబెట్టుకొంటాడు. ప్రతి ఏటి పట్టిక ఆ కళాశాల బీరువాలో భద్రంగా నిలుస్తుంది. ఏ గంటకు ఏ దేశం వినబడినది, ఏ యాంటెనా గాలికి కూలినది, ఏ బ్యాటరీ తెల్లవారకముందే చల్లారినది అన్నీ అందులో ఉంటాయి. పదకొండేళ్లు గడిస్తే సూర్యుని ఒక ఆవృత్తి మొత్తం విద్యార్థుల చేతివ్రాతలో నిక్షిప్తమవుతుంది. ఏ ర్యాంకుల జాబితాకూ అంత ఆయువు లేదు.

అట్టి క్లబ్బు ప్రపంచపోటీలో ఎన్నవ స్థానం పొందినదని ఎవరూ అడుగనక్కరలేదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. క్రిందటి ఏటికంటె ఈ ఏడు తప్పులు తగ్గినవా? క్రొత్తవారు ఎందరు చేరారు? నవంబరు మాసంలో ఒక రాత్రి గాలి పెరిగి, దీపాలు ఆరి, ఫోన్లు మూగబోతే ఆ గదిలో యంత్రం ముందు కూర్చోగలవారు ఎందరున్నారు? ఈ మూడు ప్రశ్నలకు ఏటేటా మెరుగైన సమాధానం చెప్పగలిగితే ఆ పోటీలో పాల్గొన్న ప్రతి గంటా సార్థకమే.